పద్నాలుగు మీటర్ల ఘనత

ఆ రోజుకు కొలతలమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి కాఫీ తాగాలి, తొమ్మిదిన్నరకల్లా సముద్రపు ఒడ్డున ఉన్న సభాభవనానికి వెళ్ళి వెనక వరుసలో కూర్చోవాలి, పిలిచినప్పుడు వేదిక ఎక్కి జ్ఞాపిక పుచ్చుకోవాలి, తడబడకుండా మెట్లు దిగాలి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి కాళ్ళు చాపుకోవాలి. అంతే. తీర పరిరక్షణ శాఖలో ఇరవైమూడేళ్ళుగా పనిచేస్తున్నా ఆమెను ఇంతవరకూ ఎవరూ వేదిక మీదికి పిలవలేదు. ఇంకో నాలుగు నెలల్లో రిటైరు కాబోతుంటే ఇప్పటికి గుర్తొచ్చింది వాళ్ళకు.

ఆమె చేసే పని చెప్పుకోవడానికి ఒక్క ముక్కలో అయిపోతుంది. ఒడ్డున పాతిన సున్నా రాయికి టేపు కొక్కెం తగిలించి, పోటు నీళ్ళు వెనక్కి పోతూ విడిచిన తడిగీత దాకా లాగి, మధ్యలో ఇసుక ఎన్ని మీటర్లుందో పుస్తకంలో రాయడం. ప్రతి నెలా ఒకటో తారీకున, ఎండైనా వానైనా. శాఖలో అందరూ కొలతలమ్మ అనే పిలుస్తారు. అసలు పేరుతో పిలిస్తే ఆమే పలకదు. ఆ పుస్తకంలో ఒక్క దొంగ అంకె లేదని ఆమెకు గర్వం. ఆ గర్వం కాస్త ఎక్కువేనని ఆఫీసులో గొణుక్కునేవాళ్ళు లేకపోలేదు. గొణుక్కోనీ అనుకునేది ఆమె.

బయలుదేరే ముందు సంచీలో చెయ్యి పెట్టి చూసుకుంటే టేపు లేదు. సన్మానానికి టేపెందుకని అడగొచ్చు. అది లేకుండా బయటికెళితే ఆమెకు చెప్పుల్లేకుండా వెళ్ళినట్టుంటుంది.

"ఏమండీ, నా టేపు ఎక్కడ పెట్టారు?"

"భద్రంగా పెట్టాను," అన్నాడు భర్త లోపలి గదిలోంచి.

ఆ ఇంట్లో అంతకన్నా భయంకరమైన మాట లేదు. ఆయన రిటైరైన లైబ్రేరియన్. ముప్పై ఏళ్ళు పుస్తకాలను చెదల నుంచీ, నీళ్ళ నుంచీ, పాఠకుల నుంచీ కాపాడిన మనిషి. రిటైరయ్యాక కాపాడటానికి ఇల్లొక్కటే మిగిలింది. కిందటి వారం తన కళ్ళజోడునే భద్రం చేసుకున్నాడు. నాలుగు రోజుల తర్వాత అది పంచదార డబ్బాలో దొరికింది.

"సభకు టైమవుతోంది. ఎక్కడో చెప్పండి!"

"ఇదుగో, దిండు గలీబులో ఉంది. తుప్పు పట్టకుండా పెట్టానే. దానికి నన్ను కసురుకుంటావెందుకు? వస్తువు ప్రమాదంలో ఉంటే చూస్తూ ఊరుకునే మనిషిని కాదు నేను. అంతెందుకు, నీ రాయి సంగతే చూడు."

కొలతలమ్మ గుమ్మంలో ఆగిపోయింది. "నా రాయి సంగతేంటి?"

"ఇవాళ నీకు సన్మానం కదా, ఇప్పటికైనా చెప్పేస్తాను. అందులో నాకూ కాస్త వాటా ఉంది." భర్త ముఖం వెలిగిపోయింది. "పోయినేడు తుఫానప్పుడు నీ కాలు విరిగి మంచంలో ఉన్నావా? నా రాయి ఎలా ఉందో చూసి రండని నన్ను పంపావు. వెళ్ళి చూస్తే ఏముంది! అలలు వచ్చి దాని మొదట్లో కొడుతున్నాయి. చూస్తే జాలేసింది. తోటమాలి తోపుడుబండి అడిగి తీసుకుని, దిమ్మ మీంచి పెకిలించి, వెనక్కి తీసుకెళ్ళి పాతాను. మళ్ళీ అదే వరసలో, ముఖం సముద్రం వైపే ఉండేట్టు పెట్టానులే."

"వెనక్కంటే ఎంత వెనక్కి?"

"ఏమో. బండి ఎక్కడ కూరుకుపోయిందో అక్కడ పాతాను."

కొలతలమ్మ ఉన్నచోటే కూర్చుంది. ఆ రోజు ఆయన తిరిగొచ్చి 'భద్రంగా ఉంది' అన్నాడు. మంచంలో ఉన్న మనిషి కనక ఆ మాటకు భయపడాలని తట్టలేదు. రెండు నెలల తర్వాత కర్ర ఊతంతో వెళ్ళి కొలిస్తే, తుఫానుకు ముందు ముప్పై ఎనిమిది మీటర్లున్న ఇసుక యాభై రెండు మీటర్లయింది. మూడుసార్లు కొలిచింది. పోల్చి చూసుకుందామంటే తుఫాను ఒడ్డున పొదలనూ, బెంచీలనూ, దీపస్తంభాలనూ ఒక్కటి మిగల్చకుండా ఊడ్చుకుపోయింది. రోడ్డు నుంచి రాయి ఎంత దూరమో అంతకుముందు ఎవరూ కొలిచి పెట్టలేదు. ఉపగ్రహంతో కొలిచే పరికరం మరమ్మతుకు వెళ్ళి అక్కడే స్థిరపడిపోయింది. పుస్తకంలో పక్కన 'సరిచూడవలెను' అని రాసి పంపింది. ఆఫీసులో ఆ ముక్క తీసేసి అంకె ఉంచుకున్నారు. తాను వేయించిన వెదురు దడులే ఇసుకను పట్టి ఆపాయని డైరెక్టరు గారు పత్రికలకు చెప్పారు. పద్నాలుగు మీటర్ల ఘనత అలా పుట్టింది. ఆ ఘనతకే ఇవాళ సభ.

"పెరిగింది తీరం కాదు మహానుభావా, మీరు జరిపిన రాయి!" అందామె.

లైబ్రేరియన్ కనక భర్తకు విషయం అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. "కొంప మునిగింది," అన్నాడు మెల్లగా.

"మునగలేదు. ముంచనివ్వను. పదండి. అక్కడ మాత్రం నేను చెప్పేదాకా నోరు విప్పకండి."

సభాభవనం గుమ్మంలో డైరెక్టరు గారు కొత్త కోటులో నిలబడి, ఎనిమిది తీరాల నుంచి వచ్చిన ప్రతినిధుల చేతులు ఊపుతున్నారు. పక్కన కార్యదర్శి మూడు ఫోన్లతో సతమతమవుతున్నాడు. లోపల గోడంత తెర మీద '14 మీటర్లు' అని వెలుగుతోంది. దాని కింద బల్ల మీద తీరం ఆకారంలో పెద్ద కేకు ఉంది. దాని మీద కూడా క్రీముతో అదే అంకె.

"సార్, ఒక్క నిమిషం," అంది కొలతలమ్మ. "ఆ పద్నాలుగు తప్పు సార్."

డైరెక్టరు గారి కళ్ళు మెరిశాయి. "నాకు మొదట్నుంచీ అనుమానమే! మీరెప్పుడూ తగ్గించే రాస్తారు. ఏమయ్యా కార్యదర్శీ, విన్నావా? కొలిచినావిడే తప్పంటోంది. తెర మీద పదిహేను వేయించు."

"తక్కువని కాదు సార్, రాయి..."

"రాయండి, ఎంత రాయాలో అంత రాయండి, ఇప్పుడు మీకేం అడ్డం లేదు," అంటూ ఆయన తర్వాతి చెయ్యి ఊపడానికి వెళ్ళిపోయారు.

ఆమె లోపలికి అడుగు పెట్టేసరికి తెర మీద పద్నాలుగు పోయి పదిహేను వచ్చింది. ఇరవైమూడేళ్ళలో ఇంత చురుగ్గా ఈ శాఖలో ఏ పనీ జరగలేదు. కొలతలమ్మ నేరుగా కార్యదర్శి దగ్గరికి వెళ్ళింది.

"పదిహేనూ కాదండీ. ఆ అంకె చూపించడానికే వీల్లేదు. తీసెయ్యండి."

"మీరన్నది నిజమేనమ్మా. నాకూ అదే అనిపించింది," అన్నాడు కార్యదర్శి, గొంతు తగ్గించి. "పదిహేనంటే అటూ ఇటూ కాకుండా ఉంది. పక్క తీరం వాళ్ళు పదిహేడు పెరిగిందంటున్నారట. వాళ్ళ ముందు మన పరువేం కాను?" రెండో ఫోను తీశాడు. "హలో, కేకు మీద అంకె మార్చాలి. ఇరవై. ఆ, సున్నా పెద్దగా పెట్టండి."

"అయ్యా, నేను చెప్పేది వినిపించుకుంటున్నారా?"

"వినబట్టే కదమ్మా మారుస్తున్నాను!"

ఇక ఎవరితోనూ మాట్లాడకపోవడమే మంచిదనుకుంది కొలతలమ్మ. ఇంకో ఇద్దరికి నిజం చెబితే సాయంత్రానికి సముద్రం ఎండిపోయేలా ఉంది. వెనక వరుసకు వెళితే కుర్చీ మీద ఒక కాగితం ఉంది. సభ చివర చేతులెత్తి ఆమోదించాల్సిన తీర్మానం. చదువుతుంటే అరికాలి మంట నెత్తికెక్కింది. తీరం నానాటికీ పెరుగుతున్నందున ఒడ్డునున్న రోడ్డును పద్నాలుగు మీటర్లు సముద్రం వైపు జరపాలట. ఇకమీదట నెలనెలా కొలవడం దండగ కనక, సున్నా రాయిని తొలగించి ఆ చోట ఫోటోలు దిగే అరుగు కట్టాలట.

తన పేరుతో అచ్చయిన అంకె మీద రోడ్డు వేస్తారు. రెండు తుఫానుల్లో సముద్రం దాన్ని మింగుతుంది. అప్పుడు కొలిచిందెవరని అడిగితే తన పుస్తకమే చూపిస్తారు. పైగా ఇక కొలిచేవాళ్ళే ఉండరు. ఆమెకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది.

ఈలోగా పక్క కుర్చీలో భర్త, నోరు విప్పొద్దన్న మాట మరిచి, పక్క తీరం నుంచి వచ్చిన లావుపాటి ఇంజనీరమ్మతో కబుర్లలో పడ్డాడు.

"మీకేమవుతారండీ ఈవిడ?" అందావిడ మర్యాదకు.

"మా ఆవిడండీ. నిజం చెప్పాలంటే ఆ రాయి నేనే జరిపాను. అందుకే అంత పెరిగింది."

ఇంజనీరమ్మ ముఖం పాలిపోయింది. అటూ ఇటూ చూసింది. "మెల్లగా అనండి," అని, లేచి మూడు వరుసలు ముందుకెళ్ళి కూర్చుంది. ఆవిడకి అంత కంగారెందుకో ఆయనకు అర్థం కాలేదు.

సభ మొదలైంది. ముఖ్య అతిథి కళ్ళజోడు సవరించుకుని, ఏడాదికి ఇరవై మీటర్ల చొప్పున తీరం పెరుగుతూ పోతే మన మనవలు పడవ ఎక్కకుండా అవతలి ఒడ్డుకు నడిచి వెళతారన్నారు. చప్పట్లు మోగాయి. ప్రశంసాపత్రాలు మొత్తం ఐదు. తీరం పెంచిన ఐదు శాఖలకూ ఎర్ర రిబ్బన్లు కట్టి బల్ల మీద పేర్చి ఉంచారు. ముందుగా కొలతలమ్మను పిలిచారు.

ఆమె వేదిక ఎక్కింది. మైకు ముందు నిలబడింది. ఏమాత్రం తడబడలేదు.

"ఈ తీరం ఇరవై మీటర్లు పెరగలేదు. పదిహేనూ పెరగలేదు, పద్నాలుగూ పెరగలేదు. ఈ జ్ఞాపిక నాది కాదు."

హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

"ఎంత వినయం! ఎంత వినయం!" అన్నారు ముఖ్య అతిథి, రుమాలుతో కళ్ళొత్తుకుంటూ. డైరెక్టరు గారు జ్ఞాపికను బలవంతంగా ఆమె చేతుల్లో పెట్టి, ఫోటోగ్రాఫరు వైపు తిప్పి, పళ్ళు బిగించి చెవిలో అన్నారు. "చాలమ్మా, దిగండి. తీర్మానం టైమయింది."

కొలతలమ్మ దిగలేదు. జ్ఞాపికను తీసి కేకు పక్కన పెట్టింది. సంచీలోంచి టేపు తీసింది.

"వినయమా నా మొహమా! నాకు వినయం లేదండీ. ఉన్నదల్లా ఈ టేపే. సున్నా రాయి జరిగింది. జరిపింది మా ఆయన. ఎంత జరిగిందో నాకూ తెలీదు. తెలీకుండా రోడ్డు మీద చేతులెత్తితే మాత్రం నేనూరుకోను. నేను కొలవడానికి వెళుతున్నా. వచ్చేవాళ్ళు రండి. రానివాళ్ళు ఇక్కడే కూర్చుని కేకు తినండి."

అని మెట్లు దిగి, హాలు మధ్యనుంచి నడిచి, సముద్రం వైపు తలుపు తోసుకుని బయటికి వెళ్ళిపోయింది. భర్త చెప్పులు చేత్తో పట్టుకుని వెనకాలే పరిగెత్తాడు.

నిజానికి ఆమె మాట నమ్మి ఎవరూ లేవలేదు. ఇది కార్యక్రమంలో భాగం, ఇప్పుడు ఒడ్డున కొలత ప్రదర్శన ఉంటుందనుకుని ఫోటోగ్రాఫరు లేచాడు. ఫోటోగ్రాఫరు వెళుతుంటే ముఖ్య అతిథి లేచారు. ముఖ్య అతిథి లేస్తే డైరెక్టరు గారు కూర్చునేదెలా? అలా నూట ఇరవై మంది బూట్లలో ఇసుక పోసుకుంటూ ఒడ్డుకు చేరారు. కార్యదర్శి హడావుడిలో కేకు కోసే కత్తితో సహా వచ్చేశాడు.

"ఎక్కడ పెకిలించారు?" అంది కొలతలమ్మ, టేపు కొక్కెం రాయికి తగిలిస్తూ.

"ఈ రాయికి నేరుగా సముద్రం వైపే. దిమ్మ ఇసుకలో కూరుకుపోయుంటుంది. కంగారు పడకు, చీటీ ఉంది."

"చీటీ ఏంటి?"

భర్త నొచ్చుకున్నాడు. "అరలోంచి పుస్తకం తీస్తే తీసినచోట చీటీ పెట్టకుండా తీస్తానా? ముప్పై ఏళ్ళ అలవాటే అది. సీసాలో పెట్టి, మూత బిగించి, దిమ్మ మీద ఉంచాను."

ఆ మాటకు కొలతలమ్మకు ఆయన మీద ఉన్న కోపంలో సగం పోయింది. మిగతా సగం ఇంటికెళ్ళాక చూద్దామని ఉంచుకుంది. టేపు తిన్నగా పరిచి ఆ వరస వెంట తవ్వమంది. కార్యదర్శి చేతిలోని కత్తి భర్త లాక్కున్నాడు. ప్రతినిధులు ప్రదర్శన బాగుందనుకుని చేతుల్తోనూ, ఖాళీ కాఫీ కప్పుల్తోనూ తవ్వడం మొదలుపెట్టారు. పావుగంటలో కత్తి ఠంగుమని దేనికో తగిలింది. సీసా. దాని కింద సిమెంటు దిమ్మ, మధ్యలో రాయి ఊడొచ్చిన గుంత.

కొలతలమ్మ సీసాలోని కాగితం తీసి అందరికీ వినపడేలా చదివింది. "వస్తువు: సున్నా రాయి, ఒకటి. ఈ స్థానం నుండి భద్రత నిమిత్తం తీయబడినది. స్థితి: మొదట్లో స్వల్పంగా తడి." కింద తుఫాను మర్నాటి తేదీ, సంతకం ఉన్నాయి.

ఆమె వంగి టేపు చూసింది. రాయి నుంచి గుంత దాకా సరిగ్గా ఇరవై మీటర్లు.

"చూశారా! కేకు మీద అంకె సరిపోయింది!" అన్నాడు కార్యదర్శి ఆనందం పట్టలేక. డైరెక్టరు గారు చూసిన చూపుకు వెంటనే నోరు మూసుకున్నాడు.

"యాభై రెండులోంచి ఇరవై తీసేస్తే ముప్పై రెండు," అంది కొలతలమ్మ. "తుఫానుకు ముందు ముప్పై ఎనిమిది. మన తీరం పెరగలేదు. ఆరు మీటర్లు తరిగింది. మీరు రోడ్డు జరపాలనుకున్నది దాని మీదికి."

ఈసారి చప్పట్లు లేవు. వినయం అని ఎవరూ అనలేదు. డైరెక్టరు గారి ముఖం కందగడ్డలా అయింది.

"ఇది చిన్న విషయం కాదు. ప్రభుత్వ రాయిని మీ ఇంటి మనిషి కదిలించాడు. మీ మీద చర్య తీసుకోవాల్సొస్తుంది, తెలుసా? నాలుగు నెలల్లో రిటైరవ్వాల్సిన మనిషి!"

"తప్పు నాదండీ," అన్నాడు భర్త ముందుకొచ్చి. చేతిలో కేకు కత్తి ఉన్న సంగతి ఆయన మరిచిపోయాడు. డైరెక్టరు గారు రెండడుగులు వెనక్కి వేశారు.

కొలతలమ్మ భర్తను పక్కకు జరిపింది. "తీసుకోండి సార్, చర్య. కాగితం మీద రాసి ఇవ్వండి. అందులో ముప్పై రెండు అని కూడా రాయండి, నేను దస్కత్తు పెట్టి పుచ్చుకుంటాను. మా ఆయన బుద్ధి తక్కువై జరిపింది ఒక రాయిని. జరిపినచోట చీటీ కూడా పెట్టాడు. మీరు తెలిసి తెలిసి రోడ్డే జరపబోతున్నారు. మీ చీటీ ఎక్కడుంది?"

అలలు వచ్చి పోతున్నాయి. అంతలో గుంపులోంచి ఒక దగ్గు వినిపించింది. పక్క తీరం ఇంజనీరమ్మ.

"మా దగ్గరైతే..." అని నీళ్ళు నమిలింది. "మా దగ్గర రాయి కాదు, దీపస్తంభం. కార్లు నిలపడానికి అడ్డంగా ఉందని రెండేళ్ళ కింద జరిపాం. పదిహేడు మీటర్లు. చీటీ పెట్టలేదు."

అందరూ ఆవిడ వైపు తిరిగారు. ఆవిడ భారం దిగిపోయినట్టు గట్టిగా ఊపిరి పీల్చుకుంది. ఆ వెంటనే దీవి నుంచి వచ్చిన అధికారి చెయ్యెత్తాడు. "మాది పడిపోతే కొత్తది పాతామండీ. పాతది ఎక్కడుండేదో తెలిసినాయన అప్పటికే రిటైరయ్యాడు." రేవు నుంచి వచ్చినాయన తల గోక్కున్నాడు. "మేము కాఫీ దుకాణం మెట్ల దగ్గర్నుంచి కొలుస్తామండీ. ఆ దుకాణం మూడుసార్లు చోటు మారింది." నాలుగో శాఖ మనిషి చాలాసేపు బూట్లు చూసుకుని, చివరికి, "మాకసలు రాయే లేదు," అన్నాడు. ముఖ్య అతిథి తన ఉపన్యాసం కాగితాలను మెల్లగా మడిచి లోపలి జేబులో పెట్టుకున్నారు.

బల్ల మీది ఐదు ఎర్ర రిబ్బన్ల లెక్క అక్కడితో తేలిపోయింది. కొలతలమ్మ వదల్లేదు. ఇంతమందిని మళ్ళీ ఒక్కచోట ఎప్పుడు పట్టుకోగలదు? ఇసుకలోనే నిలబెట్టి తీర్మానం చదివించింది. రోడ్డు జరపడానికి ఒక్క చెయ్యీ లేవలేదు. ఎనిమిది తీరాల్లోనూ రాళ్ళను పాత దిమ్మల మీద తిరిగి పాతాలనీ, నెలనెలా కొలవాలనీ ఆమె కొత్తది చెబితే, ఇసుక అంటిన చేతులు ఒక్కొక్కటే లేచాయి. అందరికన్నా చివర లేచింది డైరెక్టరు గారిది. అదైనా ఫోటోగ్రాఫరు తన వైపు తిరిగాక.

ఆమె అక్కడే దిమ్మ మీద కూర్చుని పుస్తకం తెరిచింది. యాభై రెండు కొట్టేసి, పక్కన ముప్పై రెండు రాసి, కారణం రాసి, డైరెక్టరు గారికి పెన్ను అందించింది. ఆయన అటూ ఇటూ చూసి ఆమె వైపు వంగారు.

"ఆరు తగ్గిందంటే మరీ బాగోదేమో," అన్నారు గొంతు తగ్గించి. "ఐదని వేసుకోకూడదూ?"

"ఇది బేరం కాదు సార్. సంతకం పెట్టండి."

పెట్టారు. చర్య కాగితం రాలేదు. అది రాయాలంటే ముప్పై రెండు అని రాయాలి కదా. ఏటా ఇచ్చే ఉత్తమ తీరం బహుమతి ఆ ఏడాది ఎవరికీ ఇవ్వలేదు. దాని బదులు ఉత్తమ కొలత బహుమతి పెడదామని ఎవరో సూచించారు గానీ, పోటీకి ఒక్కరే ఉంటారని దాన్నీ మానేశారు.